భోగిమంటకు పనికిరాని పాతసామాను

ధనుర్మాసం సగానికి వచ్చేసరికి మన ఇళ్ళలో అటకలు దులపడం మొదలవుతుంది. గోడలకు సున్నం కొట్టాలి, బూజులు తియ్యాలి, పాతసామాను బయట పడెయ్యాలి. అందులో కాలే వస్తువులన్నీ భోగినాడు తెల్లవారుజామున మంటలోకి పోతాయి. విరిగిన కుర్చీ, చెదపట్టిన పెట్టె, ఊడిపోయిన తలుపు రెక్క, ఇవి పూర్వం నుంచీ ఉన్నవే. అయితే విద్యార్థులారా! మీ ముత్తాతల కాలంలో లేని వస్తువులు మీ అటక మీద చాలా చేరి ఉన్నాయి. టార్చిలైటు సెల్లులు, మాడిపోయిన ట్యూబులైట్లు, ఉబ్బిపోయిన సెల్‌ఫోను బ్యాటరీ, గడువు దాటిన మాత్రలు, సగం మిగిలిన రంగుడబ్బా, ఓ మూల పురుగుమందు డబ్బా. వీటినేం చెయ్యాలి? మంటలో వేస్తే పీడ వదిలిపోతుందని చాలామంది అనుకుంటారు. వదులుతుందో లేదో రసాయనశాస్త్రాన్నే అడిగి చూద్దాం.

ద్రవ్యనిత్యత్వ నియమం మీ పాఠ్యపుస్తకంలో ఉన్నదే. రసాయన చర్యలో ద్రవ్యం కొత్తగా పుట్టదు, నశించదు. పరీక్షలో రెండు మార్కులకు రాసి ఆ సంగతి అక్కడితో మరిచిపోతాం గాని, ఆ నియమం మీ వీధి చివరి మంటలో కూడా పనిచేస్తూనే ఉంటుంది. కట్టె కాలితే అందులోని కార్బన్ బొగ్గుపులుసు వాయువుగా, హైడ్రోజన్ నీటి ఆవిరిగా మారిపోతాయి. మరి సీసం? పాదరసం? కాడ్మియం? ఇవి మూలకాలు. వీటిని విడగొట్టి విషం లేకుండా చెయ్యడం ఏ మంటవల్లా కాదు. వేడికి పాదరసం ఆవిరై గాలిలో కలుస్తుంది. సీసం కొంత సన్నని ధూళిగా పొగతోపాటు పోతుంది, మిగిలినది బూడిదలో కూర్చుంటుంది.

పాత కిటికీ రెక్కనే తీసుకోండి. వెనుకటి రంగుల్లో సీసం సమ్మేళనాలు విరివిగా కలిపేవారు. పసుపు రంగుకు లెడ్ క్రోమేటు, ఇనుముకు తుప్పు పట్టకుండా వేసే ఎర్రని పూతకు సీసపు ఆక్సైడు. ఇంటి రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని మన దేశంలో 2016లో నియమం చేశారు. అది 2017 నవంబరు నుంచి అమలుకు వచ్చింది. అంతకుముందు రంగు వేసిన తలుపులు, కిటికీలు మన ఊళ్ళలో ఇంకా ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టుకోండి. అలాంటి చెక్కను కాల్చితే వచ్చిన బూడిదను మనవాళ్ళు ఊరికే పోనిస్తారా? అంట్లు తోముతారు, కూరపాదుల్లో చల్లుతారు. పసిపిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుంది. ఇంతవరకు ఫరవాలేదు అనదగిన మోతాదు ఏదీ సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటున్నది.

ఇన్వర్టరు బ్యాటరీలో ఉన్నదీ ఈ సీసమే, పైగా గంధకామ్లం కూడా. ఆఫ్రికాలో సెనెగల్ అనే దేశం ఉన్నది. దాని రాజధాని డాకర్ శివార్లలోని ఒక పేటలో పాత కారు బ్యాటరీలను పగలగొట్టి సీసం కరిగించే పని ఇళ్ళ మధ్యనే జరిగేది. 2007 నవంబరు నుంచి 2008 మార్చి వరకు, ఆ అయిదు నెలల్లో అక్కడ 18 మంది పిల్లలు చనిపోయారు. వాళ్ళు చేసిన తప్పల్లా ఆ మట్టిలో ఆడుకోవడమే. కనుక పాత బ్యాటరీని కొత్తది కొనే దుకాణంలోనే ఇవ్వమని మీ నాన్నగారికి చెప్పండి. దుకాణదారు పాతదానికి కొంత ధర కూడా కడతాడు. ఇంటి దగ్గర మూత తీసి ఆమ్లం కాలువలోకి వంపేవాళ్ళకు మాత్రం ఇవ్వవద్దు.

ఇక పాదరసం. జ్వరం చూసే గాజు థర్మామీటరులో సుమారు ఒక గ్రాము దాకా ఉంటుంది. ఇప్పుడు అంకెలు చూపే థర్మామీటర్లు వచ్చి ఇవి తగ్గుతున్నాయి గాని, పాత ఇళ్ళలో, బడి ప్రయోగశాలల్లో ఇంకా కనబడుతూనే ఉన్నాయి. పగిలినప్పుడు ఆ వెండి గోళీలను అరచేతిలో దొర్లించి ఆడని పిల్లవాణ్ణి నేను చూడలేదు! ఆ ముచ్చట నాకు అర్థమవుతుంది, కాని పాదరసం మామూలు గది వేడికే మెల్లమెల్లగా ఆవిరవుతుంది. చిత్రమేమంటే, ద్రవరూపంలో పొరపాటున మింగిన పాదరసాన్ని మన పేగులు చాలా కొద్దిగానే పీల్చుకుంటాయి. ఊపిరితో లోపలికి పోయిన ఆవిరిలో మాత్రం నూటికి 80 పాళ్ళ వరకు రక్తంలో చేరుతుంది. కంటికి కనబడే గోళీకన్న కనబడని ఆవిరే శత్రువన్నమాట.

కాబట్టి థర్మామీటరు పగిలితే చిన్నపిల్లలను బయటికి పంపి, కిటికీలు తెరిచి, పంకా ఆపాలి. చేతి ఉంగరాలు, గాజులు తీసెయ్యాలి, ఎందుకంటే పాదరసం తగిలిన బంగారం దానితో కలిసి తెల్లబడిపోతుంది. చీపురుతో ఊడిస్తే పెద్ద గోళీ వంద చిన్న గోళీలై గచ్చు పగుళ్ళలో దూరుతుంది. గట్టి అట్టముక్కతో గోళీలను ఒక చోటికి నెట్టి, సూది లేని సిరంజితో పీల్చి, మూత బిగుతుగా ఉండే సీసాలో వెయ్యాలి. మిగిలిన సన్నని బొట్లను అంటించే టేపుతో అద్ది తీసి, ఆ టేపునూ సీసాలోనే వెయ్యాలి. ఇది పెద్దలు చెయ్యవలసిన పని, పక్కన నిలబడి చెప్పేది మీరు. ట్యూబులైటులో పాదరసం కొన్ని మిల్లీగ్రాములే. అది పగిలితే గది తలుపులు తెరిచి పావుగంట బయట ఉండి, తరవాత గాజుముక్కలు ఎత్తి గట్టి సంచిలో మూట కట్టండి. పగలని దాన్ని అది వచ్చిన అట్టగొట్టంలోనే పెట్టి ఉంచండి. కర్రసాము ఆడడానికి అది కర్ర కాదు.

చెత్తలో పోయిన పాదరసం చెరువుకు చేరితే ఏమవుతుంది? అడుగు బురదలో ఉండే కొన్ని సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తాయి. అది నీటి నాచు నుంచి పురుగులకు, పురుగుల నుంచి చిన్న చేపలకు, వాటి నుంచి పెద్ద చేపలకు, మెట్టుమెట్టుకూ పేరుకుంటూ పోతుంది. జపానులోని మినమాటా అఖాతంలో ఒక రసాయన కర్మాగారం ఈ మిథైల్ పాదరసాన్నే నేరుగా సముద్రంలోకి వదిలింది. మొదట చేపలు తిన్న పిల్లులు పిచ్చెత్తినట్టు గెంతి చచ్చిపోయాయి. 1956లో మనుషుల్లో ఆ జబ్బు బయటపడింది. తల్లి కడుపులోని శిశువులను సైతం అది వదలలేదు. పాదరసం వాడకం తగ్గించుకోవడానికి ప్రపంచ దేశాలు 2013లో ఒప్పందం చేసుకున్నప్పుడు దానికి మినమాటా పేరే పెట్టారు. భారతదేశం 2018లో దానిని ఆమోదించింది.

అటక దిగి స్నానాలగదిలోకి వద్దాం. పండుగ శుభ్రతలో అడుగంటిన యాసిడ్ సీసా ఒకటి, తడి తగిలి గడ్డకట్టిన బ్లీచింగ్ పౌడరు పొట్లం ఒకటి దొరుకుతాయి. రెండూ పారబోసేవే గదా అని ఒకే తూములో పోస్తారు. బ్లీచింగ్ పౌడరు మీద హైడ్రోక్లోరికామ్లం పడితే కాల్షియం క్లోరైడు, నీరు, క్లోరిన్ వాయువు వస్తాయి. ఇది పదో తరగతి పాఠమే. 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్రె దగ్గర జర్మన్ సైన్యం ఎదుటివారి కందకాల మీదికి వదిలిన వాయువు సరిగ్గా ఇదే. గాలికన్న సుమారు రెండున్నర రెట్లు బరువైనది కాబట్టి కందకాల్లోకి దిగింది. మీ స్నానాలగదిలోనూ నేలను పట్టుకునే ఉంటుంది, వంగి గచ్చు రుద్దుతున్న అమ్మ ముక్కుకు మొదట తగులుతుంది. ఘాటు వచ్చిందంటే నీళ్ళు పోసి సర్దాలని చూడకుండా వెంటనే బయటికి రావాలి. ఊపిరి ఆడకపోయినా, దగ్గు తగ్గకపోయినా ఆస్పత్రికి పోవాలి. మిగిలిపోయిన శుభ్రత మందులను పారబోయడంకన్న వాటి పనికి వాటినే వాడి అయిపోగొట్టడం మేలు. అయితే ఒకరోజు ఒకటే వాడాలి.

సెల్లుల సంగతి క్లుప్తంగా చెప్తాను. వాడేసిన లిథియం సెల్లులో కూడా కొంత విద్యుత్తు మిగిలే ఉంటుంది. రెండు కొసలూ టేపుతో మూసి దాచాలి, లేకపోతే ఇనుపముక్క తగిలి మంట పుట్టవచ్చు. ఉబ్బిన సెల్‌ఫోను బ్యాటరీని గుచ్చకూడదు, నొక్కకూడదు, ఫోను బాగుచేసే దుకాణంలోనో, పాత ఎలక్ట్రానిక్ సామాను తీసుకునే చోటనో ఇవ్వాలి. బొమ్మల్లో వాడే బొత్తాం సెల్లు అన్నిటికన్న ప్రమాదం. పసివాడు మింగితే అది ఆహారనాళంలో ఇరుక్కుని, అక్కడి తడిలో విద్యుత్తు పారి, రెండు గంటల్లోనే లోపలి కండను కాల్చివేయగలదు. అలాంటప్పుడు ఇంటివైద్యం చేస్తూ కూర్చోకూడదు, పరుగున ఆస్పత్రికి తీసుకుపోవాలి.

మందులు మూలకాలు కావు, సమ్మేళనాలు. కాలక్రమాన విడిపోతాయి గాని అన్నీ మనం అనుకున్నంత త్వరగా కాదు. హైదరాబాదు దగ్గరి పటాన్‌చెరులో మందుల కర్మాగారాల మురుగును శుద్ధిచేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రకటించారు. సిప్రోఫ్లాక్ససిన్ అనే మందు రోగి రక్తంలో ఉండేదానికన్న ఎక్కువ మోతాదులో ఆ నీటిలో ఉన్నదట! అది కర్మాగారాల మురుగే గాని, మందును నీళ్ళపాలు చేస్తే ఎక్కడికీ పోదని చూపడానికి చాలు. కనుక పాత మాత్రలను రేకుల నుంచి విడదీసి, వాడిన టీపొడిలోనో తడిమట్టిలోనో కలిపి, సంచిలో మూతి కట్టి, కింద చెప్పబోయే పెట్టెలో ఉంచండి. మధుమేహం ఉన్నవారి సూదులను మూత ఉన్న గట్టి డబ్బాలో వేసి మూసివెయ్యాలి. మీ చెత్తను చేతులతో వేరుచేసే మనిషి ఒకరున్నారు. మా పంచాయతీ ట్రాక్టరు వెంట వచ్చే ఆమె చేతులకు తొడుగులు ఉన్న రోజులకన్న లేని రోజులే ఎక్కువ.

2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు ఈ వస్తువులన్నిటినీ పేరుపేరునా చెప్పి, తడిచెత్తలోనూ పొడిచెత్తలోనూ కలపకుండా విడిగా ఇవ్వాలన్నాయి. మీరు చెయ్యగలిగింది ఒక అట్టపెట్టె. దాని మీద ఎర్రసిరాతో ‘ప్రమాదం’ అని రాసి, పిల్లలకు అందని ఎత్తులో, పొయ్యికి దూరంగా పెట్టండి. పెట్టె నిండేందుకు ఏడాది పట్టవచ్చు. నిండాక పంచాయతీకో మునిసిపాలిటీకో విడిగా అప్పగించండి. మా దగ్గర అలాంటి ఏర్పాటు లేదని వాళ్ళంటే, ఎప్పుడు చేస్తారని అడుగుతూ తరగతి పిల్లలంతా కలిసి ఒక అర్జీ రాయండి.

అయితే ఒక వస్తువును ఆ పెట్టెలో కూడా ఉన్నదున్నట్టు పెట్టరాదు. అది పురుగుమందు డబ్బా. పత్తి, మిరప పండే ప్రాంతాల పిల్లలకు దాన్ని గురించి వేరే చెప్పనక్కరలేదు. డబ్బా మీద చతురస్రం ఒకటి, దాని కింది సగంలో రంగు త్రికోణం ఉంటుంది. ఎరుపు అన్నిటికన్న తీవ్రమైన విషం, తరవాత పసుపు, ఆ తరవాత నీలం, చివరికి ఆకుపచ్చ. ఆకుపచ్చ అంటే మంచిదని కాదు, తక్కువ విషమని మాత్రమే. 1958లో కేరళలో పురుగుమందు కలిసిన గోధుమపిండి తిని నూరుమందికి పైగా చనిపోయారు. ఓడలో పిండి బస్తాలూ మందూ ఒకే చోట వచ్చాయి. ఆ ఘోరం తరవాతనే 1968లో పురుగుమందుల చట్టం వచ్చింది. చట్టం వచ్చిన 45 ఏళ్ళకు, 2013 జులై 16న, బీహారులో సారణ్ జిల్లాలోని ఒక పల్లెబడిలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లల్లో 23 మంది మరణించారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్టు పరీక్షలో తేలింది. పురుగుమందు డబ్బాలో నూనె పోశారని అప్పటి వార్తలు చెప్పాయి.

డబ్బాను ఎలా కడగాలన్నదానిలో మంచి గణితం ఉన్నది. లీటరు డబ్బా బోర్లించాక కూడా గోడలకు 10 మిల్లీలీటర్ల మందు అంటుకొని ఉన్నదనుకోండి. 240 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి, మూత పెట్టి, బాగా గిలకొట్టి వంపితే మళ్ళీ 10 మిల్లీలీటర్లే మిగులుతుంది. కాని అందులో మందు 25వ వంతు, అంటే 0.4 మిల్లీలీటరు. రెండోసారికి 0.016, మూడోసారికి 0.00064. అవే నీళ్ళు, మొత్తం 720 మిల్లీలీటర్లూ ఒకేసారి పోసి వంపితే? 0.137 మిల్లీలీటరు మిగిలిపోతుంది. నీళ్ళు అన్నే, శ్రమ కొంచెం ఎక్కువ, ఫలితం రెండు వందల రెట్లకు పైన! కడిగిన నీళ్ళు కాలువలో పొయ్యకూడదు. అది డబ్బిచ్చి కొన్న మందే గదా, మందు కలిపేటప్పుడే డబ్బా కడిగి ఆ నీళ్ళు పిచికారీ పంపులోనే పోసుకుంటే పైరుకే పోతుంది. కడిగేది చేతి తొడుగులు వేసుకున్న పెద్దవాళ్ళు, లెక్క చెప్పేది మీరు.

ఇన్నిసార్లు కడిగినా ప్లాస్టిక్ గోడల్లోకి ఇంకిన మందు కొంత ఉండనే ఉంటుంది. అందుచేత మూడోసారి వంపిన వెంటనే, పొలం గట్టు మీదనే, మేకుతో డబ్బా అడుగున మూడు నాలుగు చిల్లులు పొడిపించండి. ఆ తరవాత అది మీ పెట్టె పక్కకు చేరవచ్చు. పాతసామాను కొనేవాడి బండిలో పడినా, చిల్లులున్న డబ్బాలో ఎవరూ నూనె పోసుకోరు, మంచినీళ్ళు పట్టుకోరు.