పొలిమేర దాకా సాగనంపు

రోగకాలంలో జనం భక్తిని ఎక్కడ చూడాలి? గుళ్లోనా, ఆస్పత్రిలోనా, ఊరి పొలిమేర దగ్గరా? కృష్ణా తుంగభద్రల నడుమనున్న రాయచూరు జిల్లాలో ఈ ప్రశ్న చాలా పాతది.

గత్తర గానీ ప్లేగు గానీ తగిలితే మా వైపు పల్లెల్లో ఒకప్పుడు చిన్న కొయ్యబండి చేయించేవారు. రోగాల దేవత మారెమ్మను అందులో కూర్చోబెట్టి, పసుపు కుంకుమ పెట్టి, వేపమండలు కట్టి, చీర సారె ఉంచి, డప్పులతో పొలిమేర దాకా సాగనంపేవారు. పొలిమేర రాయి దాటించాక వెనక్కి తిరిగి చూడకూడదు. తెల్లారేసరికి ఆ బండి పక్క ఊరివాళ్ల కంట పడేది. వాళ్లూ భయంతో మొక్కి, పెరుగన్నం నైవేద్యం పెట్టి, తమ అవతలి పొలిమేరకు లాక్కెళ్లేవారు. అలా తల్లి ఊరూరా తిరిగేది. రోగం ఆమెకన్నా ముందే చేరి ఉండేది.

దీన్ని మూఢనమ్మకమని ఒక్క మాటతో తోసేయడానికి నాకు మనసు రాదు. మందు లేని కాలంలో, పొద్దున ఒక బిడ్డను, సాయంత్రం ఇంకో బిడ్డను పూడ్చిన ఊరు అది. చేతనైన పని ఏదో ఒకటి చేయకపోతే జనానికి పిచ్చెత్తేది. పైగా ఆ తంతులో రోగాన్ని తిట్టడం లేదు, తల్లీ అని పిలిచి పంపడం ఉంది. మహమ్మారి అనే మాటలోనూ మారెమ్మలోనూ ఉన్నది ఒకే 'మారి'. నన్ను బాధపెట్టేది ఒక్కటే. ఆ రాత్రి డప్పు కొట్టినవాళ్లలో ఎవరికీ పక్క ఊరి పిల్లలు గుర్తు రాలేదా?

యుద్ధం మానిన రాజు మాట

రాయచూరు అంతర్వేది కోసం కత్తులు దూసిన రాజులు మనకు కంఠతా వచ్చు. 1520లో కృష్ణదేవరాయలు ఈ కోటను గెలిచిన కథ తెలియని తెలుగువాడు అరుదు. కానీ యుద్ధం మానుకున్న రాజు మాట ఒకటి ఇదే జిల్లాలో మస్కి గుట్ట మీద, ఒక గుండు మీద చెక్కి ఉంది. 1915లో బీడన్ అనే గనుల ఇంజినీరు బంగారం ఆనవాళ్లు వెతుకుతూ దాన్ని చూశాడు. అంతవరకూ దొరికిన శాసనాల్లో 'దేవానాంప్రియ', 'ప్రియదర్శి' అనే బిరుదులే కనిపించేవి. అశోకుడన్న పేరు రాతి మీద మొదట దొరికింది మస్కిలోనే.

ఆ చిన్న శాసనం సారాంశం నాకు ఎన్నిసార్లు తలుచుకున్నా కొత్తగానే ఉంటుంది. ధర్మంతో బతికితే ఉన్నత స్థితి చిన్నవాడికీ అందుతుందనీ, అది గొప్పవాళ్లకే దక్కుతుందని అనుకోవద్దనీ, ఈ మాట చిన్నా పెద్దా అందరికీ చెప్పాలనీ అందులో ఉంది.

మస్కి నుంచి ఆగ్నేయంగా తుంగభద్ర దాటితే, కర్నూలు జిల్లాలో, గుత్తికి దగ్గర్లో ఎర్రగుడి. అక్కడి బండల మీద అశోకుడి పద్నాలుగు పెద్ద శాసనాలూ ఉన్నాయి. రెండోదాన్లో మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశామనీ, మందుమొక్కలు లేనిచోటికి తెప్పించి నాటించామనీ, దారుల వెంట బావులు తవ్వించామనీ రాసి ఉంది. జబ్బుపడినవాళ్ల బాధ్యత తనదేనని ఒక రాజ్యం రాతి మీద ఒప్పుకుంది.

తొమ్మిదోది ఇంకా సూటిగా మన మాటే మాట్లాడుతుంది. జబ్బు చేసినప్పుడు, పెళ్లిళ్లప్పుడు, బిడ్డ పుట్టినప్పుడు, ప్రయాణం కట్టినప్పుడు జనం రకరకాల తంతులు చేస్తారట. అందులో ఆడవాళ్లు చేసేవి మరీ అల్పమైనవట. చేయవలసినవే, కానీ వాటి ఫలం కొంచెమేనంటాడు రాజు. పెద్ద ఫలమిచ్చే తంతు వేరే ఉందంటూ దాన్ని వివరిస్తాడు. దాసులతో, పనివాళ్లతో మర్యాదగా ఉండటం అందులో మొదటిది. పెద్దల పట్ల గౌరవం, ప్రాణుల పట్ల నిగ్రహం, శ్రమణులకూ బ్రాహ్మణులకూ దానం తర్వాతివి.

ఆడవాళ్ల గురించిన ఆ మాట దగ్గర చక్రవర్తితో నాకు పేచీ ఉంది. అమ్మ పోసిన, అంటే మశూచి సోకిన ఇంటిని ఆయన చూసి ఉంటే అంత తేలిగ్గా అనేవాడు కాదేమో. గుమ్మానికి వేపమండ కట్టారంటే పరాయివాళ్లు గడప తొక్కరు. ఆ ఇంట్లో తాలింపు చప్పుడు వినిపించదు, గొంతు పెంచి ఎవరూ మాట్లాడరు. బిడ్డను వేపాకుల మీద పడుకోబెట్టి, చల్లనివే పెట్టి, రాత్రంతా పక్కన కూర్చుని వేపరెమ్మతో ఒళ్లు నిమిరేది ఆ తల్లే. రోగి ఒంటరిగా ఉండాలి, ఇల్లు శుభ్రంగా ఉండాలి, ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి. ఈ మూడూ ఆ తంతులోనే ఉన్నాయి. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మశూచి పోయిందని ప్రకటించింది. పోగొట్టింది టీకా, అందులో సందేహం లేదు. టీకా రాకముందు బిడ్డ పక్కన కూర్చున్నవాళ్లను అల్పమైనవాళ్లలో లెక్కవేయడానికి మాత్రం నేను ఒప్పుకోను.

మిగతా శాసనం మీద నాకు పేచీ లేదు. పనివాళ్లతో మర్యాద అన్న మాటకు 2020 దాకా నేనూ పెద్ద బరువివ్వలేదు.

బండి లేదు, డప్పు లేదు

దేశంలో కోవిడ్ తొలి మరణం మాకు దగ్గర్లోని కలబురగిలో, 2020 మార్చి 10న. ఆ తేదీని నేను మరో కారణంతో గుర్తుపెట్టుకున్నాను. 1897లో అదే మార్చి 10న సావిత్రీబాయి ఫూలే పుణెలో కన్నుమూశారు. ప్లేగు తగిలిన ఒక దళిత బాలుణ్ని వీపున మోసుకుని వైద్యానికి తెచ్చి, ఆ ప్లేగుతోనే పోయారు. అంటువ్యాధుల చట్టం వచ్చింది కూడా ఆ ఏడాదే, ఫిబ్రవరిలో. 2020లో మన ప్రభుత్వాలు దుమ్ము దులిపి తీసింది ఆ తెల్లవాళ్ల చట్టాన్నే. ఎవర్ని ఆపాలో, ఎవర్ని సోదా చేయాలో అందులో ఉంది. ఎవర్ని వీపున మోయాలో అందులో లేదు.

మార్చి 24 రాత్రి ఎనిమిదింటికి ప్రకటన, అర్ధరాత్రి నుంచి దేశం మూత. సుగ్గికి పోయిన కుటుంబాలు ఎక్కడివక్కడ చిక్కుకున్నాయి. సుగ్గి అంటే కన్నడంలో పంటకోతల కాలం. కర్నూలు జిల్లా ఆదోని, కోసిగి ప్రాంతాల్లో పొట్ట చేతపట్టుకుని పోయే వలసకు అదే పేరు నిలిచింది. మా జిల్లాలోనూ సింధనూరు, దేవదుర్గ, లింగసుగూరు ఊళ్ల నుంచి బెంగళూరుకు, హైదరాబాదుకు, పుణెకు కూలికి పోనివాళ్ల వాడ దొరకడం కష్టం. బస్సు లేక, రైలు లేక వాళ్లు నడిచారు. బెంగళూరు నుంచి నడిచి వస్తున్న రాయచూరు జిల్లా కూలి ఒకామె ఏప్రిల్ మొదట్లో బళ్లారి దాకా వచ్చి, అక్కడే ప్రాణం విడిచింది. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆ జిల్లా దాటితే ఇల్లు.

నడిచి ఇల్లు చేరినవాళ్ల ఎదుట ఏముంది? ఊరి దారికి అడ్డంగా ముళ్లకంప. పొలిమేర మళ్లీ మేల్కొంది. ఈసారి సాగనంపింది దేవతను కాదు, సొంత ఊరి మనుషులను. కొందరిని చేలల్లో, బడుల్లో ఉంచి ఇంటివాళ్లే అన్నం మోసుకెళ్లి పెట్టారు. అది మంచి పద్ధతి. ప్లేగు రోజుల్లో ఊరే ఖాళీ చేసి పొలాల్లో గుడిసెలు వేసుకున్న పెద్దల నుంచి వచ్చినదే. కంప వేసి కర్ర పట్టుకుని నిలబడటం మాత్రం వేరే సంగతి.

అదే నెలలో దేశమంతా ఒక మతాన్ని పొలిమేర అవతలికి తోయడానికి చూసింది. ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌లో మతసమావేశానికి కూడినవాళ్లు నియమం తప్పారా లేదా అన్నది ఒక ప్రశ్న. దాన్ని సాకుగా తీసుకుని ఎక్కడో వీధిలో కూరగాయలమ్ముకునే ముస్లిం దగ్గర కొనొద్దనడం పాపం. ఆ మాటను ధైర్యంగా పాపమనే అంటాను. ఆగస్టులో బాంబే హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం, మర్కజ్‌కు వచ్చిన విదేశీయుల మీది కేసులు కొట్టేస్తూ, వాళ్లను బలిపశువులను చేసినట్టుందని తప్పుపట్టింది. మా జిల్లా ముద్గల్‌లో పీర్ల పండుగకు ఏటా హిందువులు వేలమంది వస్తారు. బిడ్డకు జబ్బు నయమైతే పీరుకు మొక్కి ఫకీరు వేషం కట్టించే ఆచారం దక్కనంతటా హిందువుల ఇళ్లలోనూ ఉంది. జ్వరం వచ్చినప్పుడు ఎవరి పీరు, ఎవరి మారెమ్మ అని ఆ తల్లులు అడగలేదు.

జూన్ నెలాఖరుకు బళ్లారి నుంచి ఒక వీడియో వచ్చింది. కోవిడ్‌తో పోయినవాళ్ల మృతదేహాలను సంచుల్లో చుట్టి గోతిలోకి విసిరేస్తున్నారు. జిల్లా యంత్రాంగం విచారం తెలిపింది, ఆ సిబ్బందిని తప్పించింది. నాకు ఆ సిబ్బంది మీద ఉన్నంత కోపమే మన మీదా ఉంది. శవాన్ని ముట్టుకోవడం ఒక కులం పని అని తరతరాలుగా నమ్మి, ఆ పనిని వాళ్ల మీదకు నెట్టి కళ్లు మూసుకున్నది మనమే. తిరుపతిలో ముస్లిం యువకులు హిందువుల పాడె మోసి, వాళ్ల పద్ధతిలోనే అంత్యక్రియలు చేసినప్పుడు నాకు కన్నీళ్లు ఆగలేదు.

మతం మొండిగా ఉందని కూడా అనలేను. తుంగభద్ర ఒడ్డున మంత్రాలయం మార్చిలోనే తలుపులు మూసింది. పండగ పూటా రాఘవేంద్రస్వామి బృందావనం ముందు భక్తులు లేకుండా పూజలు జరిగాయి. నవంబరు 20న తుంగభద్ర పుష్కరాలు మొదలైతే ఆంధ్ర ఒడ్డున నదిలో మునక వద్దన్నారు. పితృకార్యాలకు ముందుగా సమయం తీసుకుని రమ్మన్నారు. పన్నెండేళ్లకు ఒకసారి వచ్చే పుష్కరం. చాలామంది చెంబుడు నీళ్లు నెత్తిన చల్లుకుని తిరిగి వెళ్లారు. ఎదుటివాడి ఊపిరి కోసం తన మునకను వదులుకున్న ఆ మనిషి నాకు గొప్ప భక్తుడే.

బ్యాగవాట కథ

మా జిల్లాలోని మాన్వి తాలూకా దాససాహిత్యానికి, అంటే హరిదాసుల కన్నడ కీర్తనలకు, పేరుపడ్డది. అక్కడి చీకలపర్వి హరిదాసు విజయదాసుల ఊరు. బ్యాగవాటలో శ్రీనివాసాచార్యులనే సంస్కృత పండితుడుండేవారు. ఆ వైపు వచ్చిన విజయదాసులు భోజనానికి పిలిచారు. కన్నడంలో పాడుకుంటూ తిరిగే దాసుల పంక్తిలో కూర్చోవడం పండితుడికి నామోషీ. కడుపునొప్పి అని అబద్ధమాడి తప్పించుకున్నారు. అబద్ధం నిజమైంది. ఏ మందుకూ తగ్గని నొప్పి పట్టుకుంది. చివరికి విజయదాసులను శరణు వేడితే ఆయన శిష్యుడు గోపాలదాసుల దగ్గరికి పంపారు. గోపాలదాసులు తన ఆయుష్షులోంచి నలభై ఏళ్లు ఇచ్చారట. బతికిన ఆ పండితుడే జగన్నాథదాసులై 'హరికథామృతసార' రాశారు. మాన్విలో ఆయన ఒక స్తంభంలో కొలువున్నారని నమ్మకం.

ఆయుష్షు తీసి ఇవ్వగలమా అంటే నాకు తెలిసిన వైద్యంలో లేదు. కానీ ఈ కథను తరతరాలుగా చెప్పుకున్న జిల్లా నాది. ఇందులో రోగాన్ని పక్క ఊరికి తోయడం లేదు. తనదాంట్లోంచి కోసి ఇవ్వడం ఉంది. అహంకారంతో ఎవరి పంక్తిని కాదన్నాడో వాళ్ల దగ్గరే బతుకు దొరకడం ఉంది. కొయ్యబండి తంతూ, ఈ కథా ఒకే నేల మీద పుట్టాయి. ఆపదను పాపానికి శిక్షగా చూసే మాట కూడా ఒకటుంది. 1934లో బిహారు భూకంపం అంటరానితనానికి దేవుడి శిక్ష అని గాంధీ అన్నప్పుడు ఠాగూరు గట్టిగా కాదన్నారు. ఈ విషయంలో నేను ఠాగూరు పక్షమే. రోగం మన పాపానికి శిక్ష కాదు. రోగం వచ్చాక మనం చేసేదే పాపమో పుణ్యమో అవుతుంది.

తీర్థం, కుళాయి నీళ్లు

మంత్రాలయం వెళ్లొచ్చినవాళ్లు తుంగభద్ర నీళ్లను సీసాలో తెచ్చి పూజగదిలో పెడతారు. ఇటు కృష్ణ, అటు తుంగభద్ర, రెండూ దేవతలే మాకు. వాటి నడుమనున్న రాయచూరు పట్నంలో 2022 మే నెలాఖరున కుళాయి నీళ్లు తాగి జనం చచ్చిపోయారు. వాంతులు, విరేచనాలతో పదుల సంఖ్యలో ఆస్పత్రుల పాలయ్యారు. పరిహారం ప్రకటించారు, విచారణ అన్నారు. మరుసటి ఏడాది మేలోనే దేవదుర్గ తాలూకా రేకలమరడిలో మళ్లీ కలుషిత నీళ్లు, మళ్లీ ఒక పసిప్రాణం. దారి వెంట బావులు తవ్వించానని రాతి మీద రాసుకున్న రాజు ఏలిన నేల ఇది. నదికి హారతి పట్టే చేతులు నీళ్ల ట్యాంకు కడిగారా లేదా అని ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేది. ఆ అడగడం కూడా నాకు పూజలాగే కనిపిస్తుంది.

2022 డిసెంబరులో కర్ణాటకలో మొదటి జికా కేసు మా జిల్లాలోనే, ఒక చిన్నపాపకు తేలింది. ఇలాంటి జ్వరాలు వచ్చినప్పుడు తొట్లలో నిలవ నీళ్లు పారబోయించేది, గర్భిణుల వివరాలు రాసుకునేది ఆశా కార్యకర్తలు. కోవిడ్‌లోనూ గడప గడపకూ తిరిగింది వాళ్లే. చప్పట్లు కొట్టించుకున్నారు, కొన్నిచోట్ల దెబ్బలూ తిన్నారు. 2020 జులైలో కర్ణాటక ఆశాలు పని ఆపి అడిగింది నెలకు 12 వేల రూపాయల గౌరవవేతనం, రక్షణ సామగ్రి.

మధ్యాహ్నపు ఎండలో రిజిస్టరు చంకన పెట్టుకుని ఊరు తిరిగే ఆమెకు ఏ ఇంట్లో కూర్చోమని చెంబుడు నీళ్లిస్తారో, ఏ ఇంట్లో గేటు అవతలే నిలబెట్టి మాట్లాడతారో బాగా తెలుసు. ఇంటి నంబరు, మనుషుల లెక్క, జ్వరమున్నదీ లేనిదీ రాసుకుని పక్క ఇంటికి పోతుంది.