ఆసుపత్రి ఖర్చు, మందుల ఖర్చు: వృద్ధులకు తగిన ఆరోగ్య బీమా

ఒక పట్టణమున కిరాణా వర్తకము చేసి, కొట్టును కుమారునకు అప్పగించి విశ్రాంతి గైకొనిన గృహస్థు ఒకరు కలరని ఊహింపవచ్చును. ఆయనకు 72 ఏండ్లు, భార్యకు 67 ఏండ్లు. ఆయనకు రక్తపుపోటు, ఆమెకు మధుమేహము. బియ్యము, పాలు, కరెంటు పద్దుల సరసన మందుల పద్దు కూడ నెలనెలా తప్పక నిలుచుచున్నది. ఎన్నడైన గుండెకో మోకాలికో శస్త్రచికిత్స అవసరమైనచో సొమ్ము ఎక్కడినుండి తేవలెనను భయము దానికి తోడు. బీమా ఏజెంటు ఇచ్చిపోయిన కరపత్రములు నాలుగు బల్లపై నున్నవి. అన్నింటను మొదటి పుటలో పెద్ద అంకెలే. దేనిని ఎన్నుకొనవలెనో ఆ దంపతులకు పాలుపోకున్నది.

ఈ చిక్కునకు మూలమొక్కటే. స్వభావమున వేరైన రెండు ఖర్చులను వారు ఒకే లెక్కలో చూచుచున్నారు. హఠాత్తుగా మీదపడు ఆసుపత్రి ఖర్చు ఒకటి. నిత్యము మ్రింగవలసిన మాత్రల ఖర్చు రెండవది. మన దేశమున లభించు ఆరోగ్య బీమాలో అధికభాగము మొదటి దానికొరకే ఏర్పడినది. రెండవ దానికి మార్గములు వేరుగా కలవు. కావున ఏ పథకమును చూచినను రెండు ప్రశ్నలను విడివిడిగా వేసికొనవలెను: ఆసుపత్రిలో చేరినచో ఎవరు చెల్లింతురు? ఇంటివద్ద వాడు మందులకు ఎవరు చెల్లింతురు?

70 ఏండ్లు నిండినవారికి

2018 సెప్టెంబరులో ఆరంభమైన ఆయుష్మాన్ భారత్ ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన మొదట పేద కుటుంబములకు ఉద్దేశింపబడినది. 2024 అక్టోబరు 29వ తేదీన దీనిని 70 ఏండ్లు నిండిన వృద్ధులందరకు, ఆదాయముతో నిమిత్తము లేకుండ, విస్తరించిరి. వారికి ఆయుష్మాన్ వయవందన కార్డు ఇత్తురు. వయస్సునకు ఆధార్ కార్డే ప్రమాణము. కుటుంబమునకు సంవత్సరమునకు 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్స లభించును. ఒకే ఇంట ఇద్దరు 70 దాటినవారున్నచో ఆ మొత్తమును ఇద్దరును పంచుకొనవలెను. ప్రీమియము లేదు. పూర్వమునుండి ఉన్న వ్యాధులకు సయితము మొదటి దినము నుండియే రక్షణ కలదు. ప్రైవేటు పాలసీ ఉన్నవారు దానిని వదలుకొనకయే ఈ కార్డును పొందవచ్చును.

ఐనను ఇది ఆసుపత్రి చికిత్సకు మాత్రమే. చేరుటకు ముందు 3 దినములకు, ఇంటికి వచ్చిన పిదప 15 దినములకు అవసరమైన మందులు ఇందులో చేరియున్నవి. ఏడాది పొడుగునా వాడు మాత్రలకు ఇది వర్తింపదు. చికిత్సయు ఈ పథకమున చేరిన ఆసుపత్రులలోనే జరుగవలెను. సమీపమున అట్టి ఆసుపత్రులేవియో 14555 నంబరునకు ఫోను చేసి ముందే తెలిసికొనుట మేలు. అవసరము వచ్చిన రాత్రి విచారింపబూనుట ఇల్లు కాలునపుడు నుయ్యి త్రవ్వుట వంటిది.

పెన్షనర్లు గమనింపవలసినది

1954లో ఢిల్లీలో ఆరంభమైన కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య పథకము నేడు హైదరాబాదు మొదలైన అనేక నగరములలో నడచుచున్నది. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు పది సంవత్సరముల చందాను ఒకేసారి చెల్లించి జీవితకాలపు కార్డు పొందవచ్చును. ఇందు ఆసుపత్రి చికిత్సయేగాక, డాక్టరు వ్రాసిన నిత్యపు మందులు కూడ లభించును. మాజీ సైనికులకు 2003లో ఏర్పడిన పథకమును ఇట్టిదే. ఈ రెండింటిలో దేనియందైనను ఉన్నవారు 70 ఏండ్లు నిండిన పిమ్మట తమ పాత పథకమునో, వయవందన కార్డునో, ఏదో ఒకదానినే ఎన్నుకొనవలెను. 5 లక్షలను అంకెను మాత్రమే చూచి మారినచో నెలనెలా వచ్చు మందులు పోవును. ఆ నష్టమును లెక్కించిన పిదపనే నిర్ణయము చేయవలెను.

ప్రైవేటు పాలసీలను పోల్చు విధము

పైన చెప్పిన గృహస్థునకు వయవందన కార్డు లభించును. 67 ఏండ్ల ఆయన భార్యకు లభింపదు. కుటుంబము పేదల జాబితాలోగాని, రాష్ట్ర ప్రభుత్వ పథకములోగాని లేనిచో, 70 నిండువరకు ఆమెకు ప్రైవేటు పాలసీయే ఆధారము. వయస్సు మించినదని నిరాశ చెందనక్కరలేదు. 65 ఏండ్లు దాటినవారికిని పాలసీలు అందుబాటులో నుండునట్లు బీమా నియంత్రణ సంస్థ 2024లో నిబంధనలను మార్చినది. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై పూర్వమున్న 18 శాతము పన్ను తొలగిపోయినది.

పాలసీలను పోల్చునపుడు ప్రీమియము ఒక్కటే కొలత కారాదు. మొదట నిరీక్షణ కాలమును చూడవలెను. పూర్వమునుండి ఉన్న వ్యాధికి 36 నెలలకు మించి నిరీక్షణ విధింపరాదని నియమము. కొన్ని పాలసీలలో ఇది అంతకంటె తక్కువ. 67 ఏండ్ల మధుమేహ రోగికి మూడేండ్ల నిరీక్షణకును ఒక ఏడాది నిరీక్షణకును గల అంతరము స్వల్పము కాదు.

రెండవది రోగి వాటా. 20 శాతము వాటాగల పాలసీలో 2 లక్షల బిల్లునకు రోగి 40 వేలు స్వయముగా చెల్లింపవలెను. తక్కువ ప్రీమియమునకు తరచుగా ఇదియే కారణము.

మూడవది గది అద్దె పరిమితి. దినమునకు 4 వేలు అనుమతించు పాలసీతో 8 వేల గదిలో చేరినచో, అద్దెలోని తేడాయేగాక, డాక్టరు ఫీజు వంటి ఇతర ఖర్చులను కూడ కంపెనీ సగమునకు తగ్గింపవచ్చును. మందులు, పరీక్షలు, శరీరములో అమర్చు పరికరములు మాత్రము ఈ తగ్గింపునకు లోబడవు.

నాలుగవది కంటిశుక్లము, మోకాలి మార్పిడి వంటి చికిత్సలకు విధించిన ప్రత్యేక పరిమితులు. వృద్ధులకు ఎక్కువగా అవసరమగునవి ఇవే కావున వీనిని తప్పక చదువవలెను.

దరఖాస్తులో వ్యాధిని దాచుట హానికరము. ప్రీమియము తగ్గునని మధుమేహమును దాచినచో, తీరా అవసరమునకు క్లెయిము తిరస్కరింపబడవచ్చును. పాలసీ చేతికి వచ్చిన పిదప 30 దినములలో తృప్తి లేనిచో వాపసు చేయవచ్చును. 2025 జనవరిలో వచ్చిన ఉత్తర్వు ప్రకారము వృద్ధుల ప్రీమియమును ఏడాదికి 10 శాతమునకు మించి పెంచదలచిన కంపెనీ ముందుగా నియంత్రణ సంస్థను సంప్రదింపవలెను. కంపెనీ న్యాయము చేయనిచో బీమా అంబుడ్స్‌మన్‌కు రుసుము లేకుండ ఫిర్యాదు చేసికొనవచ్చును.

నిత్యపు మందుల సంగతి

కొన్ని కంపెనీలు అదనపు ప్రీమియముతో మందులకును రక్షణ నిచ్చుచున్నవి. ఇక్కడ కాగితముపై చిన్న లెక్క వేసికొనవలెను. అదనపు ప్రీమియము 8 వేలు, సంవత్సరమునకు చెల్లించు గరిష్ఠ మొత్తము 10 వేలు అనుకొన్నచో, మందులకు ఎంత ఖర్చైనను మిగులునది 2 వేలే.

మందుల ధరనే తగ్గించుకొను మార్గము పెక్కు కుటుంబములకు ఇంతకంటె ఉపయోగకరము. జన ఔషధి కేంద్రములలో జెనరిక్ మందులు బ్రాండు మందులకంటె సాధారణముగా 50 నుండి 80 శాతము తక్కువ ధరకు లభించును. నెలకు 1,500 రూపాయల మందులు వాడు ఇంట సగమే తగ్గినను ఏడాదికి 9 వేలు మిగులును. ప్రాథమిక ఆరోగ్య కేంద్రములలో రక్తపుపోటు, మధుమేహములకు పరీక్షలు, మందులు ఉచితముగా ఇచ్చుచున్నారు. మందు పేరు మార్చునపుడు డాక్టరును అడుగవలెను. పొదుపునకై మాత్రలను మానుట మాత్రము ఎన్నడును తగదు. నేడు మానిన మాత్రయే రేపటి ఆసుపత్రి బిల్లు కావచ్చును.

ఇప్పుడు ఆ దంపతుల లెక్క తేటపడినది. ఆయనకు వయవందన కార్డు. ఆమెకు నిరీక్షణ కాలము, రోగి వాటా తక్కువగానున్న ప్రైవేటు పాలసీ. 70 నిండిన నాడు కార్డు. ఇద్దరి మందులకు జన ఔషధి కేంద్రము. బల్లపైనున్న నాలుగు కరపత్రములలో మూడింటిని తీసివేయవచ్చును. మిగిలిన దానిని కుమారుని కూర్చుండబెట్టుకొని, చిన్న అక్షరములతో సహా చదివి, పిమ్మట సంతకము చేయవలెను.