బసంత్‌నగర్ నుంచి మామునూరుకు విమానంలో ఎంతసేపు?



రాత్రిపూట హాస్టల్ డాబా మీద పడుకొని విమానం లైట్లు చూస్తూ "అది ఎంతసేపట్ల పోతదన్నా?" అని అడగనివారు మనలో లేరు. మన ఇళ్లలో నాన్నో, అన్నో గల్ఫ్‌కు పోయినవారే కనుక ఇది ఊసుపోక అడిగే ప్రశ్న కాదు. మనకు తెలిసిన ఊళ్లతోనే లెక్క చేద్దాం.

పాత కరీంనగర్ జిల్లాలో సిమెంట్ ఫ్యాక్టరీ ఉన్న బసంత్‌నగర్ దగ్గర ఒక ఎయిర్‌స్ట్రిప్ ఉంది. వరంగల్ పక్కన మామునూరులో నిజాం కాలంనాటి విమానాశ్రయం ఉంది. అక్కడ 1981తో ప్రయాణికుల విమానాలు ఆగిపోయాయి. ఈ రెండింటి మధ్య విమానం నడిస్తే ఎంతసేపు పడుతుంది?

ముందు దూరం. బసంత్‌నగర్ అక్షాంశం 18 డిగ్రీల 42 నిమిషాలు, మామునూరుది 17 డిగ్రీల 55 నిమిషాలు. తేడా 47 నిమిషాలు. అక్షాంశంలో ఒక నిమిషం అంటే ఒక నాటికల్ మైలు, అనగా 1.852 కి.మీ. కనుక మామునూరు 87 కి.మీ. దక్షిణాన ఉంది. రేఖాంశం ప్రకారం 22 కి.మీ. తూర్పుకు జరిగి ఉంది. పదో తరగతి పైథాగరస్ సూత్రం వేస్తే కర్ణం సుమారు 90 కి.మీ. కరీంనగర్ మీదుగా రోడ్డున పోతే మాత్రం 120 కి.మీ. పైనే.

ఇక కాలం. చిన్న ఊళ్లకు తిరిగే ఏటీఆర్ విమానం గంటకు దాదాపు 500 కి.మీ. పోతుంది. లెక్కకు 11 నిమిషాలే. కానీ విమానం రన్‌వే దాకా మెల్లగా పోవాలి, పైకి ఎక్కాలి, వేగం తగ్గించుకోవాలి, గాలి వాటం చూసుకొని దిగాలి. ఇంత తక్కువ దూరంలో పూర్తి వేగం అందుకోకముందే దిగే వేళ అవుతుంది. అందుకే అరగంట అనుకోవాలి. హైదరాబాద్-విజయవాడ మధ్య గాలి దూరం 260 కి.మీ. ఉంటుంది. లెక్కకు అరగంటే అయినా, టికెట్ మీద గంట వేస్తారు.

ఈ గాలి దూరం ఉత్త లెక్క కాదు. శంషాబాద్ విమానాశ్రయం కోసం 2004లో చేసుకున్న ఒప్పందంలో, దానికి 150 కి.మీ. లోపల 25 ఏళ్లపాటు మరో విమానాశ్రయం రాకూడదని రాసుకున్నారు. మామునూరు సుమారు 145 కి.మీ.లో ఉంది. ఐదు కిలోమీటర్లు ఎక్కువ ఉంటే ఆ అడ్డే లేదు! చివరకు 2025 ఫిబ్రవరిలో కేంద్రం అనుమతి ఇచ్చింది.

మా నానమ్మ పోయినప్పుడు నాన్న దుబాయిలో ఉన్నాడు. దుబాయి నుంచి హైదరాబాద్‌కు విమానంలో దాదాపు నాలుగు గంటలే. కానీ సెలవు దొరికి, టికెట్ దొరికి, మూడు గంటల ముందు విమానాశ్రయం చేరి, ఇక్కడ దిగి మళ్లీ ముస్తాబాద్ దాకా 160 కి.మీ. రోడ్డు మీద వచ్చేసరికి రెండో రోజు సాయంత్రమైంది. నానమ్మ కడచూపు ఆయనకు దక్కలేదు.

కనుక తమ్ముళ్లారా, విమానం ఎంతసేపు ఎగురుతుందన్నది సగం ప్రశ్నే. మన గడప నుంచి ఆ గడప దాకా ఎంతసేపు? అది లెక్క కట్టడం నేర్చుకోండి. దగ్గరలో విమానాశ్రయం ఎందుకు కావాలో అప్పుడే తెలుస్తుంది.