రాజమార్గం విడువక

మొగల్తూరు దాటి పేరుపాలెం వైపు వెళ్తుంటే, సముద్రం దగ్గరపడేకొద్దీ సరుగుడు తోటలు కనిపిస్తాయి. తారురోడ్డు ఆగినచోట ఇసుక మొదలవుతుంది. పశ్చిమ గోదావరికి ఉన్న తీరం మొత్తం 19 కిలోమీటర్లే. ఆదివారం ఆరాధన అయ్యాక కుటుంబాలతో వెళ్తాం, యౌవనస్థులను తీసుకెళ్తాం. అక్కడిదాకా వెళ్లాక బైకునో జీపునో ఇసుకలోకి దించాలన్న సరదా పుడుతుంది. రోడ్డు లేనిచోట బండి నడపడంలో ఉన్న ఆనందాన్ని తప్పుపట్టనక్కరలేదు. "ఇది ఎవరి పొలమూ కాదు, ప్రభుత్వ భూమే కదా" అనే మాట దగ్గరే మనం కాస్త ఆగాలి.

సంఖ్యాకాండము 20వ అధ్యాయంలో మోషే కాదేషు నుంచి ఎదోము రాజు దగ్గరకు దూతలను పంపాడు. దేశం గుండా దాటిపోనివ్వమని అడుగుతూ ముందే మాట ఇచ్చాడు. పొలాల్లో అడుగుపెట్టరట, ద్రాక్షతోటల్లోకి వెళ్లరట, రాజమార్గం విడిచి కుడికిగానీ ఎడమకుగానీ తిరగరట. పశువులు నీళ్లు తాగితే వెల కూడా ఇస్తారట! మందలతో కదిలే అంత జనం దారి తప్పితే వెనుక ఏం మిగులుతుందో ఆయనకు తెలుసు. ఒకరు తొక్కిన గడ్డి మళ్లీ లేస్తుంది. వేలమంది తొక్కితే లేవదు.

అమెరికాలో ఉంటున్న మనవాళ్లు కొందరు సెలవుల్లో కాలిఫోర్నియా, నెవాడా ఎడారుల్లో జీపుల మీద తిరిగి ఫొటోలు పంపుతుంటారు. అక్కడా చాలావరకు ప్రభుత్వ భూమే. అయితే 1972లో అధ్యక్షుడు నిక్సన్ ఇచ్చిన ఉత్తర్వుతో బండ్లు తిరగదగిన దారులనూ తిరగకూడని చోట్లనూ వేరుచేయడం మొదలైంది. ఎడారి నేలకు తగిలిన గాయం అంత తేలికగా మానదు. 1942లో జనరల్ ప్యాటన్ ఆధ్వర్యంలో మొహావే ఎడారిలో సైనిక శిక్షణ ప్రారంభమైంది. నాటి ట్యాంకుల జాడలు నేటికీ అక్కడ కనిపిస్తాయి.

మన తీరంలో అల వచ్చి టైరు గుర్తును చెరిపేస్తుంది, నిజమే. అది తడి ఇసుక వరకే. పైనున్న దిబ్బ సంగతి వేరు. ఆ ఇసుకను పట్టి ఉంచేది నేలమీద పాకే తీగలు, రావణాసురుని మీసాలని పిలిచే ముళ్లగడ్డి. చక్రం వాటిని తెంపిందా, గాలి ఇసుకను ఎత్తుకుపోతుంది. ఉప్పెన వస్తే ఊరికి ముందుగా అడ్డు నిలిచేది ఆ దిబ్బే. తుపానులు చూసిన తీరంవారికి ఇది కొత్త కాదు. 2019 నాటి తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ఇసుక దిబ్బలను, తాబేళ్లు గుడ్లుపెట్టే చోట్లను అత్యంత సున్నిత ప్రాంతాల్లో చేర్చింది.

తాబేళ్ల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఆంధ్ర తీరానికి రాత్రివేళ వచ్చి, ఇసుకలో అడుగున్నర లోతు గుంట తీసి, నూరు గుడ్ల దాకా పెట్టి పూడ్చి వెళ్లిపోతాయి. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు బయటికొస్తాయి. వేలెడంత ఉండే పిల్లకు లోతైన టైరు చాలు కాలువతో సమానం. అందులో పడితే సముద్రం వైపు కాక ఆ చాలు వెంటే పోతుంది. బండి లైట్లు వెలుగుతుంటే వాటివైపే తిరుగుతుంది. తెల్లవారితే కాకులు, కుక్కలు ఉండనే ఉన్నాయి.

దారిలో, నేలమీద, పక్షిగూడు కనిపిస్తే తల్లిని పిల్లలతోపాటు పట్టుకోవద్దని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయం చెబుతుంది. అంత చిన్న ఆజ్ఞకూ దీర్ఘాయువు వాగ్దానం జతచేయడం మనకెప్పుడూ ఆశ్చర్యమే. కనిపించే గూటికే అంత జాగ్రత్త అయితే, కనిపించని గూటి మాటేమిటి?

మత్స్యకారుడు వల, సామాను మోసుకెళ్లే బండి సంగతి వేరు, అది అతని బతుకుతెరువు. మనది సరదా. కాబట్టి ఈసారి యౌవనస్థుల కూడికకు తీరానికి వెళ్లే సంఘాలు బండ్లను తారురోడ్డు ముగిసినచోటే ఆపించి, అక్కడినుంచి పిల్లలను నడిపించండి. దిబ్బ ఎక్కకుండా, అందరూ నడిచే బాటనే పట్టించండి. చీకటిపడ్డాక ప్రార్థన పెట్టుకుంటే మాత్రం, జనవరి నుంచి మే దాకా, నీటివైపు తిరిగిన హెడ్‌లైట్లు ఆర్పించండి.