ఖర్చు పెట్టినవానికి చెల్లవలసిన మాట

తెలుగునాట కళాశాల మెట్లెక్కిన విద్యార్థులలో ‘రీయింబర్స్‌మెంటు’ అను మాట విననివారు అరుదు. వినికిడి యున్నంతమాత్రమున అర్థము తెలిసినట్లు కాదు.

ఈ పదమునకు మూలము ‘బుర్సా’ అను లాటిను శబ్దము. తోలుసంచి, డబ్బుసంచి యని దాని యర్థము. ఖాళీయైన సంచిని మరల నింపుటయే ఇందలి భావము. ఒకడు తన సంచినుండి తీసి వెచ్చింపవలెను. ఆ ఖర్చు న్యాయముగా మరియొకడు భరింపవలసినదై యుండవలెను. ఆ రెండవవాడు దానిని పూరింపవలెను.

1872 నాటి భారత ఒప్పందముల చట్టము 69వ సెక్షనులో దీనికి చక్కని యుదాహరణము కలదు. జమీందారు ప్రభుత్వమునకు శిస్తు బకాయిపడగా భూమి వేలమునకు వచ్చినది. వేలము జరిగినచో కౌలు రద్దగును. అందుచే కౌలుదారు తానే బకాయి కట్టెను. ఆ సొమ్ము జమీందారు అతనికి ఇచ్చి తీరవలెను. ఇది దానము కాదు, దయ కాదు, బాధ్యత.

దీనికి దగ్గరి మాటలు పెక్కు కలవు. పుచ్చుకొన్న సొమ్మును ఇచ్చినవానికే మరల నిచ్చుట ‘వాపసు’. నష్టమునకు బదులిచ్చునది ‘పరిహారము’. ముందుగా నిర్ణయించి యిచ్చునది ‘భత్యము’. ‘తిరిగి చెల్లింపు’ అన్నచో అప్పు తీర్చుటయు స్ఫురించును. హిందీలో వాడుకలోనున్న ‘ప్రతిపూర్తి’ సంస్కృతపదమే యగుటచే తెలుగునకు పరాయిది కాదు. సంచి నింపుట యను మూలభావమును నిలుపును.

2009 నాటి విద్యాహక్కు చట్టము 12వ సెక్షనును ఉపాధ్యాయు లెరుగుదురు. ప్రైవేటు పాఠశాలలు ఒకటవ తరగతిలో కనీసము 25 శాతము స్థానములను బలహీనవర్గముల పిల్లలకిచ్చి ఉచితముగా చదువు చెప్పవలెను. ప్రభుత్వము తాను ఒక్కొక్క బిడ్డపై చేయు ఖర్చు, పాఠశాల వసూలుచేయు రుసుము - ఈ రెంటిలో తక్కువదానిని పాఠశాలకు చెల్లించును. పాఠశాల ముందు వెచ్చించును గనుక ఇచ్చట మాట సరిగా కుదిరినది.

అయితే ఈ మాటలో ‘మరల’ యున్నది గాని ‘ఎప్పుడు’ లేదు. చిక్కంతయు అచ్చటనే. పూరించువాడు జాగు చేసినచో, భారము వెచ్చించినవానిపైననే నిలుచును. సంపన్నుడు ఓర్చుకొనగలడు, పేద విద్యార్థి తండ్రి రుసుము ముందు కట్టవలసివచ్చినచో అప్పు చేయును, వడ్డీ కట్టును. ఆ వడ్డీని పూరించువా రెవరు?

కావున ఈ మాట బోధించునపుడు మూడు ప్రశ్నలు నేర్పుట మేలు: వెచ్చించిన దెవరు? వెచ్చింపవలసిన దెవరు? ఎన్నాళ్లలో పూరింపవలెను? మూడవదానికి సమాధానము లేనిచో మాట మిగులును, సంచి నిండదు.