మీరు ఫోన్ చేస్తే.. అవతల ఏ నంబరు కనబడుతోంది?

పెనుకొండ దగ్గర ఓ కంపెనీకి దరఖాస్తు పెట్టుకున్నారు. నాలుగు రోజుల తర్వాత మిట్టమధ్యాహ్నం ఫోన్ మోగింది. మీరు ధర్మవరం బస్సులో ఉన్నారు, రద్దీలో ఎత్తలేకపోయారు. దిగాక అదే నంబరుకు తిరిగి చేస్తే గంట మోగుతూనే ఉంది, ఎత్తే నాథుడు లేడు. వారం తర్వాత స్నేహితుడు చెప్తే తెలిసింది, అది ఇంటర్వ్యూ పిలుపని! తప్పు మీది కాదు. ఆ హెచ్ఆర్ అమ్మాయిదీ కాదు. ఆ ఆఫీసు ఫోన్లను అమర్చినతను ఒక గడిని ఖాళీగా వదిలేశాడు, అంతే.

ఆ గడి పేరే అవుట్‌బౌండ్ కాలర్ ఐడీ. మన ఆఫీసు నుంచి బయటికి ఫోన్ చేస్తే అవతలివాళ్ల తెర మీద ఏ నంబరు కనబడాలో చెప్పేది అదే. దీన్ని నేర్పే సబ్జెక్టు డిగ్రీలో లేదు. ఈ పనికంటూ ప్రత్యేకంగా మనిషిని పెట్టుకునే కంపెనీలూ తక్కువే. ఐటీ సపోర్ట్ అనో, సిస్టమ్ అడ్మిన్ అనో తీసుకున్న కుర్రాడి నెత్తినే ఇదీ పడుతుంది. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల తయారీ మొదలయ్యాక ఆ చుట్టుపక్కల విడిభాగాల యూనిట్లు వచ్చాయి. హిందూపురం పక్కన తూముకుంటలో పరిశ్రమలున్నాయి, ధర్మవరంలో పట్టుచీరల వ్యాపారం సరేసరి. ఓ మోస్తరు ఆఫీసు ఉన్న ప్రతిచోటా ఒక మూలన ఫోన్ల పెట్టె ఉంటుంది. దాని జోలికి వెళ్లడానికి మాత్రం అందరూ జంకుతారు. మీరు జంకకపోతే అదే మీ బలం.

ముందు నాలుగు మాటలు తెలుసుకోండి. ఒక్కో బల్ల మీది ఫోన్ 'ఎక్స్‌టెన్షన్'. ఆఫీసును టెలికాం కంపెనీతో కలిపే లైన్ 'ట్రంక్'. పాత పద్ధతి పీఆర్ఐ ట్రంక్ అయితే ఒకేసారి 30 కాల్స్ మాట్లాడొచ్చు. ఇప్పుడు ఇంటర్నెట్ పద్ధతిలో నడిచే సిప్ ట్రంక్‌లూ వచ్చాయి. ట్రంక్‌తో పాటు ఇచ్చే నంబర్ల వరుసలో ఒక్కోదాన్ని 'డీఐడీ' అంటారు, మొదటిది 'పైలట్ నంబరు'. ఏ కాల్ ఏ ట్రంక్ మీదుగా వెళ్లాలో చెప్పేది 'అవుట్‌బౌండ్ రూట్'.

చిక్కంతా ఎక్కడంటే, కాలర్ ఐడీ రాసే గడి ఒక్కచోట కాదు, మూడుచోట్లా ఉంటుంది. ఉచితంగా దొరికే ఫ్రీపీబీఎక్స్‌నే తీసుకోండి. ఎక్స్‌టెన్షన్‌లో నంబరు రాసి ఉంటే మామూలుగా అదే వెళ్తుంది. అక్కడ ఖాళీగా ఉంటే రూట్‌లో రాసింది, అదీ లేకపోతే ట్రంక్‌లో రాసింది. రూట్‌లో 'ఎక్స్‌టెన్షన్‌ను పక్కనపెట్టు' అనే టిక్కు పెట్టినా, ట్రంక్‌లో 'ఇదే పంపు' అని బిగించినా వరుస తలకిందులవుతుంది. ఎక్స్‌టెన్షన్‌లో నంబరు మార్చి మార్చి విసిగిపోయిన కుర్రాళ్లు చాలామంది ట్రంక్‌లోని ఆ ఒక్క సెట్టింగ్ చూసి ఉండరు. మూడుచోట్లా ఏమీ రాయకపోతే టెలికాం కంపెనీ తన లెక్క ప్రకారం పైలట్ నంబరు చూపిస్తుంది. పైలట్ నంబరుకు వచ్చే కాల్స్ ఏ బల్లకు వెళ్లాలో ఎవరూ రాయలేదనుకోండి, మీరు తిరిగి చేసిన ఫోన్ ఖాళీ గదిలో మోగుతుంది. పైన మీకు జరిగింది అదే.

ఇంకో మెలిక. ఒక పట్టుచీరల సంస్థకు హిందూపురంలో హెడ్డాఫీసు, పెనుకొండలో గోదాము, ధర్మవరంలో కొనుగోలు కేంద్రం ఉన్నాయనుకుందాం. మూడింటికీ కలిపి ఫోన్ల సర్వర్ ఒక్కటే, ట్రంక్ హిందూపురంలో. ధర్మవరం బల్ల నుంచి మగ్గం ఆసామికి ఫోన్ చేస్తే అతనికి 08556తో మొదలయ్యే హిందూపురం నంబరు కనబడుతుంది. 'మన ఊరిది కాదే' అని ఎత్తడు. ఓనరు మిమ్మల్ని పిలిచి, 'ధర్మవరం 08559 నంబరు వచ్చేట్టు చెయ్యప్పా' అంటారు. మీరు ఆ నంబరును గడిలో రాసి, సేవ్ చేసి, ఫోన్ చేసి చూస్తారు. మళ్లీ హిందూపురమే! కంప్యూటర్‌ను తిట్టుకోకండి. ట్రంక్‌కు కేటాయించిన నంబర్లు కానిదేది పంపినా టెలికాం కంపెనీ దాన్ని తీసేసి పైలట్ నంబరు పెడుతుంది, లేదా కాల్‌నే తిప్పికొడుతుంది. ధర్మవరం నంబరు కావాలంటే ధర్మవరం లైన్ కావాలి, ఆ బల్లల కాల్స్ ఆ లైన్ మీదుగా వెళ్లేలా రూట్ రాయాలి. పెనుకొండ 08555కీ ఇదే లెక్క.

కొన్నిసార్లు నంబరు సరైనదే, రాసిన తీరు తప్పు. కొందరు ముందు సున్నా లేకుండా పది అంకెలు అడుగుతారు, కొందరు ప్లస్ 91తో అడుగుతారు. ఎలా పంపాలో టెలికాం కంపెనీని అడిగి, ఆ జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి. అటు డయల్ చేసే నంబరు సంగతీ చూసుకోవాలి. ల్యాండ్‌లైన్ నుంచి మొబైల్‌కు చేస్తే ముందు సున్నా కొట్టాలన్న నిబంధన 2021 జనవరి 15 నుంచి ఉంది. రూట్‌లో ఆ సున్నా కలపకపోతే కాల్ బయటికే పోదు, నెపం మాత్రం కాలర్ ఐడీ మీద పడుతుంది.

గోదాములో ఎవరికో దెబ్బ తగిలి 108కి చేశారనుకోండి. పెనుకొండలో మనిషి పడి ఉంటే తెర మీద హిందూపురం కోడ్ కనబడుతుంది. కంగారులో ఊరి పేరు చెప్పడం మరిచిపోయేవాళ్లు ఉంటారు కదా. అందుకే అత్యవసర నంబర్లకు వేరే రూట్ రాసి, ఏ ఊరి కాల్ ఆ ఊరి లైన్ మీదుగా వెళ్లేలా పెట్టాలి. మొదటి రోజే చేయాల్సిన పని ఇది, చాలాచోట్ల ఆఖరికి కూడా చేయరు.

ఇక జాగ్రత్త మాట. 'బెంగళూరు నంబరు కనబడేట్టు పెట్టు, పార్టీలు నమ్ముతారు' అని ఎవరైనా అంటే? బెంగళూరులో లైన్ తీసుకుంటే పెట్టొచ్చు. లేకపోతే వద్దని చెప్పండి. మీకు కేటాయించని నంబరు వాడినా, టెలికాం గుర్తింపును తారుమారు చేసినా 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం ప్రకారం మూడేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. కీబోర్డు మీద వేళ్లు మీవి, ఓనరువి కావు. అమ్మకాల ప్రచారం కాల్స్‌కు 140 వరుస, బ్యాంకుల వంటివాటి సేవల కాల్స్‌కు 1600 వరుస వేరుగా ఉన్నాయి. మామూలు ఆఫీసు లైన్‌తో ప్రచారం చేస్తే లైన్లన్నీ కోసేసి, రెండేళ్ల దాకా బ్లాక్‌లిస్టులో పెట్టమని 2024 ఆగస్టులో ట్రాయ్ ఆదేశించింది.

నేర్చుకోవడానికి పైసా ఖర్చు లేదు. ఇంట్లో పాత ల్యాప్‌టాప్ ఉన్నా చాలు, వర్చువల్‌బాక్స్‌లో రెండు ఫ్రీపీబీఎక్స్ సర్వర్లు పెట్టండి. ఒకదానికి హిందూపురం, ఇంకోదానికి ధర్మవరం అని పేరు పెట్టి, ఒకదాన్ని ఇంకోదానికి ట్రంక్‌గా కలపండి. మీ ఫోన్‌లో, తమ్ముడి ఫోన్‌లో లిన్‌ఫోన్ వేసుకుంటే రెండు బల్లలు సిద్ధం. కాల్ వెళ్తున్నప్పుడు వైర్‌షార్క్‌లో 'ఫ్రమ్' వరుస చూస్తే మీరు పంపిన నంబరు కళ్లెదుట కనబడుతుంది. మూడు గడుల్లో మూడు వేర్వేరు నంబర్లు రాసి ఏది గెలుస్తుందో పరీక్షించండి. ఒక సాయంత్రం పని.

రెజ్యూమెలో 'పీబీఎక్స్ తెలుసు' అని రాస్తే ఎవరూ పట్టించుకోరు. 'రెండు సర్వర్లు కలిపి, ఎక్స్‌టెన్షన్‌వారీగా కాలర్ ఐడీ అమర్చి పరీక్షించాను' అని రాయండి. ఇంటర్వ్యూలో 'పని పూర్తయిందని ఎలా తేల్చుకుంటావు?' అని అడిగే అవకాశం ఎక్కువ. ప్రతి బల్ల నుంచీ రెండు వేర్వేరు నెట్‌వర్క్‌ల మొబైల్స్‌కు చేసి చూస్తానని చెప్పండి. ఆ తర్వాత కనబడిన నంబరుకు తిరిగి చేసి, ఎవరు ఎత్తారో రాసుకుంటానని చెప్పండి.