పాత సిమెంట్ గచ్చుకి టైల్స్ లుక్: ఇంట్లో కట్ చేసుకున్న స్టెన్సిల్‌తో

ఇవాళ్టి ఎపిసోడ్‌లో ఇంటి బయట ఉండే సిమెంట్ గచ్చు మీద, టైల్స్ పరిచారా అనిపించేలా పెయింట్ వేయడం ఎలాగో చూద్దాం. స్టెన్సిల్ కొనక్కర్లేదు, మనమే కట్ చేసుకుందాం. ఒక్క మాట మాత్రం ముందే చెప్తాను. వేసిన రోజు ఎవరి గచ్చయినా ఫొటోలో అదిరిపోతుంది. ఒక వానాకాలం దాటాక కూడా అలాగే ఉందా అన్నదే అసలు పరీక్ష. అది డిజైన్ చేతిలో లేదు, కింద ఉన్న సిమెంట్ చేతిలో ఉంది.

అందుకే రంగు డబ్బా కొనే ముందు రెండు టెస్టులు చేయండి. సాఫ్ట్‌వేర్‌లో టెస్ట్ చేయకుండా రిలీజ్ చేయం కదా, ఇదీ అంతే.

మొదటిది తేమ టెస్ట్. ఒకటిన్నర అడుగుల చదరం ప్లాస్టిక్ కవర్‌ని గచ్చు మీద పరిచి, నాలుగు వైపులా టేప్ వేసి, ఒక రోజంతా వదిలేయండి. తీసి చూస్తే లోపల నీటి బొట్లు ఉన్నా, సిమెంట్ నల్లబడినా కింద నుంచి తడి పైకి వస్తోందని అర్థం. దాని మీద ఎంత మంచి పెయింట్ వేసినా పెచ్చులుగా లేస్తుంది. ముందు ఆ తడి ఎక్కడి నుంచి వస్తోందో చూడాలి. కొత్తగా పోసిన గచ్చు అయితే కనీసం 28 రోజులు ఆగి, అప్పుడు ఈ టెస్ట్ చేయండి.

రెండోది నీళ్ల చుక్క టెస్ట్. గచ్చు మీద నాలుగైదు చోట్ల చుక్కలు వేయండి. పీల్చుకుంటే పెయింట్ పట్టుకుంటుంది. ముత్యాల్లా పైనే నిలబడితే అక్కడ నూనె మరకైనా ఉండాలి, లేదా మేస్త్రీ మరీ నున్నగా రుద్ది ఉండాలి. నూనె అయితే సర్ఫ్ నీళ్లతో బ్రష్ పెట్టి కడగండి. నున్నగా ఉంటే 80 నంబర్ గరుకు కాగితంతో రుద్దండి, మాస్క్ మర్చిపోకండి. పాచి, తెల్లగా పూసిన ఉప్పు ఉంటే గీకి, కడిగి, పూర్తిగా ఆరనివ్వండి.

పెయింట్ విషయానికొస్తే, కిటికీలకి వేసే ఆయిల్ ఎనామెల్ మిగిలింది కదా అని వాడొద్దు. సిమెంట్‌లో క్షారం ఎక్కువ. క్షారం, నూనె కలిస్తే ఏమవుతుంది? సబ్బు! సబ్బు తయారయ్యే కెమిస్ట్రీనే మీ గచ్చు మీద జరిగి రంగు ఊడిపోతుంది. బయటి ఫ్లోర్ కోసమే చేసిన అక్రిలిక్ పెయింట్ అడగండి, కింద దానికి సరిపడే ప్రైమర్ వేయండి. ప్రైమర్ ఆరాక లేత బూడిద రంగో, క్రీమ్ రంగో రెండు కోట్లు గచ్చంతా వేసేయండి. టైల్స్ మధ్య కనిపించే గీత రంగు ఇదే అవుతుంది.

ఇప్పుడు స్టెన్సిల్. జిరాక్స్ షాపులో పుస్తకాలకి పైన వేసే పారదర్శకమైన ప్లాస్టిక్ షీట్ ఉంటుంది కదా, అది ఏ3 సైజులో తీసుకోండి. దాని మీద మార్కర్‌తో 10 అంగుళాల చదరం గీయండి. డిజైన్ ఆ గీతని తాకకూడదు, నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు లోపలే ఆగాలి. పక్క టైల్‌కి కూడా 3 ఉంటుంది కాబట్టి మధ్యలో 6 మిల్లీమీటర్ల గీత దానంతట అదే వస్తుంది.

డిజైన్ మొత్తం గీయక్కర్లేదు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పావు వంతు గీసి కట్ చేయండి, విప్పితే నాలుగు వైపులా ఒకేలా ఉంటుంది. దాన్ని షీట్ కింద పెట్టి కట్టర్‌తో కోయండి. సున్నా ఆకారం కోస్తే మధ్య ముక్క ఊడి కింద పడుతుంది కదా, అందుకే అక్కడక్కడా 5 మిల్లీమీటర్ల పట్టీలు కోయకుండా వదలండి. ఒకేలాంటి షీట్లు మూడు ఉంటే, ఒకటి తుడిచేలోపు ఇంకోటి వాడొచ్చు.

గడుల గీతలు చాలా ముఖ్యం. చుక్కల ముగ్గు వేసేవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు, చుక్క తప్పితే ముగ్గంతా తప్పుతుంది. మొదటి మూల ఒక్క డిగ్రీ వంకరపోతే 10 అడుగులు వెళ్లేసరికి 2 అంగుళాలు పక్కకి జరుగుతుంది. గోడని నమ్మకండి, గోడలే వంకరగా ఉంటాయి. మూల నుంచి ఒక వైపు 3 అడుగులు, ఇంకో వైపు 4 అడుగులు కొలిచి, ఆ రెండు చుక్కల మధ్య సరిగ్గా 5 అడుగులు వస్తే మూలమట్టం కుదిరినట్టే. తర్వాత దారానికి సుద్దపొడి పట్టించి, బిగించి లాగి వదిలితే నిటారు గీత పడుతుంది.

మా పెరట్లో గచ్చు 10 అడుగులు బై 10 అడుగులు. అంటే వరసకి 12, మొత్తం 144 టైల్స్. వరసగా వేసుకుంటూ పోతే పక్క టైల్ తడి మీద షీట్ పడి అలుక్కుపోతుంది. చదరంగం బోర్డులో నల్ల గళ్లలా ఒకటి విడిచి ఒకటి వేయండి, ఆరాక మిగతావి. షీట్ కదలకుండా టేప్ అంటించండి. చిన్న స్పాంజ్ రోలర్‌ని రంగులో ముంచి, పాత పేపర్ మీద దొర్లించి, దాదాపు పొడిగా అయ్యాకే వాడండి. తడి ఎక్కువైతే రంగు షీట్ కిందకి పాకుతుంది. పల్చగా రెండు సార్లు వేయడం, చిక్కగా ఒకసారి వేయడం కంటే నయం. ఎండ నడినెత్తిన ఉన్నప్పుడు వద్దు, వాన సూచన ఉన్నా వద్దు. చలికాలం ఉదయాలు, మంచు ఆరాక, బాగా కుదురుతాయి.

చివర్లో పారదర్శకమైన సీలర్ కోటు. ఇక్కడ అందం కోసం మెరిసేది కొనొద్దు. మా నాన్నమ్మ అంట్లు తోమి, తడి కాళ్లతో అదే గచ్చు మీద నడుస్తుంది. రోజూ కల్లాపి చల్లే వాకిలి అయినా ఇదే సంగతి. జారిపడితే తుంటి ఎముక విరిగే వయసు వాళ్లు ఇంట్లో ఉంటే, టైల్స్ అందం ఎవరికి కావాలి? మ్యాట్ సీలర్ తీసుకుని, అందులో జారకుండా కలిపే యాంటీ స్కిడ్ పొడి కలపండి. ముందు ఒక మూల వేసి, ఆరాక నీళ్లు పోసి, గోడ పట్టుకుని పాదంతో రుద్ది చూడండి. ముదురు రంగులు ఎండకి బాగా కాలతాయి, చెప్పుల్లేకుండా నడిచే చోట లేత రంగులే వేయండి.

ఇంకో రెండు విషయాలు. కారు పెట్టే చోట ఇది వేయొద్దు, వేడెక్కిన టైర్లు రంగుని పీకేస్తాయి. మేడ మీద నీళ్లు కారుతుంటే ఇది దానికి మందు కాదు, ముందు లీకేజీ ఆపాలి.

స్టెన్సిల్స్ పారేయకండి, మిగిలిన రంగు గట్టిగా మూత పెట్టి దాచండి. ఎక్కడైనా రంగు పోతే ఆ ఒక్క టైల్ మళ్లీ వేసుకోవచ్చు. నిజం టైల్ పగిలితే అదే డిజైన్ షాపులో దొరకడం కష్టం, మన టైల్‌కి ఆ బాధ లేదు. ఈ వారం రంగు కొనకండి, ప్లాస్టిక్ కవర్, టేప్ తీసుకుని ఆ తేమ టెస్ట్ ఒక్కటి చేసి చూడండి. ఉంటాను మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.